చెన్నకేశవులు సారు దగ్గర ఒక శేరు ఎక్కువ

2012 జనవరి. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌గా ఆ మూడు ఊళ్ల చుట్టుపక్కల అంగళ్లు తనిఖీ చేయడం నా పని. కాపురం వనపర్తిలో.

మా పని గురించి తెలియనివారికి రెండు మాటలు. వ్యాపారంలో వాడే ప్రతి తక్కెడనూ, రాయినీ, కొలపాత్రనూ మా దగ్గరుండే సరైన కొలతతో పోల్చి చూస్తాం. సరిపోతే ముద్ర వేస్తాం. దీన్ని వెరిఫికేషన్ అంటారు. తప్పుడు కొలత దొరికితే స్వాధీనం చేసుకుంటాం. అది సీజర్. కేసు ముగిశాక వాటిని సుత్తితో నలగ్గొట్టి తుక్కు కింద పంపిస్తాం.

ఆ నెలలో ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ధరూర్ వైపు ఒక ఊళ్లో చెన్నకేశవులు అనే బడిపంతులు తక్కువ కొలిచే దొంగ శేర్లు పెట్టుకుని పల్లీలు అమ్ముతున్నాడని దాని సారాంశం. ఆ పేరు నాకు తెలుసు. గద్వాలలో ఏటా జరిగే మా వెరిఫికేషన్ క్యాంపుకు ఆయన కొత్త కొలపాత్రలు తెచ్చి ముద్ర వేయించుకునేవాడు. ఒక ఏడు నాలుగు, ఒక ఏడు ఎనిమిది. "పంతులుకు ఇన్ని కొలపాత్రలెందుకు? చాటుగా వ్యాపారమా?" అని 2007 డైరీలోనే రాసుకున్నాను. ఉత్తరం చదవగానే అనుమానం నిజమైందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బడికి వెళ్లాను. నాలుగో తరగతి గదిలో గోడ పొడవునా బల్లలు, వాటి మీద శేర్లు. ఇత్తడివి, ఇనుపవి, ఒకటి రెండు కర్రవి. అన్నీ చింతపండుతో తోమినట్టు మెరుస్తున్నాయి. ప్రతిదాని కింద ఒక చీటీ. చీటీ మీద ఊరు లేదు, పేరు లేదు. "శేరుకు గిద్దెడు తక్కువ", "అడుగు మీద ఇంకో అడుగు", "కడుపులో సొట్ట", అంతే.

నేనెవరో చెప్పాను. ఆయన కంగారు పడలేదు. "రండి సార్, మీకు చూపియ్యాలె అని ఎప్పటినుంచో అనుకుంటున్న," అంటూ ఒక్కొక్క శేరునూ వేలి గోటితో మీటుతూ పోయాడు. "ఇను సార్. ఇది ఖంగుమంటున్నది, సొట్ట తప్ప అడుగు బాగున్నట్టు. ఇది చూడు, గొంతు పూడుకపోయింది. అడుగున లక్క పోసిండ్రు. మా నాలుగో తరగతి పోరగాండ్లు కండ్లు మూసుకొని చెప్తరు."

"ఇవన్నీ మీకెక్కడివి?"

"హోమ్‌వర్కుల వచ్చినయి."

కొలతల పాఠం వచ్చినప్పుడు ప్రతి పిల్లా తన ఇంటి శేరు తేవాలి. ముద్ర వేసిన కొలపాత్రతో నీళ్లు పోసి లెక్క కట్టాలి. కొట్ల వాళ్ల పిల్లలూ తెచ్చేవారు. తక్కువ తేలిన శేరును సారు ఉంచుకుని, బదులుగా తన జీతంతో కొన్న కొత్తది ఇచ్చి పంపేవాడు.

"ఎవరెవరివో పేర్లు చెప్పండి," అన్నాను.

"అదొక్కటి అడగకు సార్. ఒక్క పేరు బయటికొస్తె రేపటి నుంచి ఒక్క పోరనితోని గూడ శేరు పంపరు."

"చెప్పకపోతే వీటన్నిటినీ సీజ్ చేయాల్సి వస్తుంది. ఆఖరికి ఏం చేస్తామో తెలుసుగా?"

ఆయన పక్కనున్న శేరును రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. కానీ పేర్లు చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఒక గొంతు వినపడింది. "ఓ సారూ! మా పోరి శేరు ఎత్తుకొచ్చింది. కొట్టుకాడ బేరం నిలవడ్డది. జర ఇయ్యరాదు!" నడివయసు మనిషి, చెంగు నడుముకు దోపుకుని ఉంది. నన్ను చూసి ఆగింది. "ఈయనెవరు?"

"నా దోస్తు. లెక్కల క్లాసు చూడనీకె వచ్చిండు. కూసో లచ్చమ్మా, మీ బిడ్డ ఇప్పుడే కొలుస్తున్నది."

ఆ పిల్ల ముందు బెంచీ దగ్గర నీళ్లు పోస్తోంది. శేరు నిండి పొర్లింది, కొలపాత్రలో నీళ్లు మిగిలిపోయాయి. పిల్ల తల్లి వైపు చూసి చిన్నగా అంది. "గిద్దెడు తక్కువున్నది అమ్మా."

"నోరు ముయ్! సారూ, అది మా అత్త కాలం నాటిది. దాంట్ల లక్కున్నదో లచ్మి ఉన్నదో నాకేమెరుక?"

"నీకెరుక లేదనే నేను గూడ అంటున్న. ఇగో కొత్తది. ముద్ర గూడ ఉన్నది."

"నీ కొత్త శేరుతోని కొలిస్తె నా కొట్టు మునుగుతది."

"మునగదు. ఊరందరికి తెలిస్తె మాత్రం మునుగుతది. తెల్వనియ్య, సరేనా?"

ఆమె కొంతసేపు పిల్లను చూసింది, తర్వాత కొత్త కొలపాత్రను తిప్పి చూసింది. "పంతులుకు పనిలేకపోతె గిట్లనే ఉంటది," అని గొణుగుతూ పట్టుకుపోయింది.

చట్టం ప్రకారం నేను ఆమె వెనకే కొట్టుకు వెళ్లి కేసు రాయాలి. వెళ్లలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో కళ్లెదుట దొరికిన తప్పును వదిలేయడం అదొక్కసారే. వారంలో నిర్ణయం చెప్తానని, బల్లల మీదున్నవి లెక్కపెట్టుకుని బయల్దేరాను. లచ్చమ్మ శేరుతో కలిపి ముప్పై ఆరు.

ఇంటికి వచ్చి పాత డైరీలన్నీ ముందు వేసుకున్నాను. చెన్నకేశవులు సారుకు ఏ ఏడు ఎన్ని ముద్రలు వేశానో కూడితే ముప్పై ఆరు వచ్చాయి. వాటిలో ఒకటి పిల్లలు నీళ్లు కొలవడానికి బడిలోనే ఉంది. అంటే ఆయన ఊళ్లోకి పంపినవి ముప్పై ఐదు. శేరుకు శేరు పంపించాడు. నేను వేసిన ముద్రలే ఆయనకు సాక్ష్యం. వ్యాపారం చేసేవాడి లెక్క ఇలా ఉండదు. అయితే పాతది ఒకటి ఎక్కువ తేలింది.

"బోధనోపకరణాలు, వ్యాపారంలో వాడకం లేదు" అని రిపోర్టు రాశాను. కానీ కొలవడానికి పనికొచ్చే తప్పుడు పాత్రను అలా వదిలేయలేను. మళ్లీ వెళ్లి, ప్రతి శేరు అడుగున ఒక చిల్లు పొడవాలన్నాను. అప్పుడిక అది కొలత కాదు.

"చిల్లు పడితే గొంతు పోతది సార్," అన్నాడాయన. కన్నబిడ్డకు వాత పెట్టమన్నట్టు చూశాడు. తర్వాత బల్ల చివరి నుంచి ఒక ఇత్తడి శేరు తీసి, మేకూ సుత్తీ తనే తెచ్చాడు. "ఫస్టు దీనికే కొట్టు సార్."

"ఒకటి ఎక్కువ ఉంది, ఇదేనా? దీనికి బదులు కొత్తది ఇవ్వలేదా?"

"ఇచ్చెతందుకు ఆ కొట్టే లేదు," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. అక్కడే, ఆయన చూస్తుండగా, డైరీలో "ఎక్కువైన శేరు ఎవరిది?" అని రాసి, ఎదుట ఖాళీ వదిలాను.

నేను రిటైరయ్యాను, తర్వాత ఆయనా అయ్యాడు. ఈ ఏడు వానకాలంలో ఆయన పోయాడు. బడిలో పెట్టిన సంతాప సభకు వెళ్లాను. బల్లల మీద శేర్లు అలాగే ఉన్నాయి. చిల్లుల్లోంచి వెలుతురు పడుతోంది. నడుం వంగిన ఒకామె మైకు అందుకుని, "మా కొట్టు శేరు గూడ గీడ్నే ఉన్నది," అని అందరి ముందూ వేలు పెట్టి చూపించింది. లచ్చమ్మ. సారు దాచిన పేరును ఆమె తనే చెప్పేసింది.

సభ అయ్యాక సారు కూతురు ఒక నోట్‌బుక్ నా చేతికిచ్చింది. "మీరు ఏదో ఖాళీ పెట్టుకున్నరని నాయన అనేటోడు. ఇది మీకు చూపియ్యమన్నడు."

శేరుకో పేజీ. ఎక్కడా పేరు లేదు, మొదటి పేజీలో తప్ప. "రామచంద్రయ్య, మా నాయన. అడుగున లక్క. శేరుకు గిద్దెడున్నర తక్కువ. ఈ శేరుతో కొలిచిన పల్లీల మీదనే నేను టీచర్ ట్రైనింగ్ చదువుకున్నాను."

నేను కేసులు రాసిన అంగళ్లలో కొన్నింటికి రెండోసారి, మూడోసారి కూడా వెళ్లాల్సి వచ్చింది. నా సర్వీసు ముగిసేదాకా ఆ ఊరికి మాత్రం మళ్లీ వెళ్లే పని పడలేదు. ఎదుటివాడి తప్పును పేరు లేకుండా దాచి, తన ఇంటి తప్పును పేరుతో సహా రాసి పెట్టుకున్న మనిషి దగ్గర నేను నేర్చుకున్నది, నా శాఖలో ఏ శిక్షణలోనూ దొరకలేదు.

వనపర్తి చేరి, 2012 డైరీ తీసి, ఖాళీలో ఆ పేరు రాశాను. కింద, వెరిఫికేషన్ పూర్తయినప్పుడు రాసినట్టే, "సరిపోయింది" అని రాసి తేదీ వేశాను.