రెండు చుక్కల ఊకారం

ఆ రోజుల్లో ఉద్యోగానికి అర్జీ పెట్టేటప్పుడు మనకు ఏం వచ్చో రాసేవాళ్లం కాదు, ఏం వస్తే వాళ్లు పిలుస్తారో అది రాసేవాళ్లం. నేను ‘జర్మన్ భాష వచ్చు’ అని రాశాను. హైదరాబాదులో డిగ్రీ చదివేటప్పుడు ఒక రిటైరైన మాస్టారి దగ్గర నాలుగు నెలలు సాయంత్రం క్లాసులకు పోయిన మాట నిజమే. కానీ ఆయన పుస్తకం బాగా పాతది. అచ్చుల మీద అక్కడక్కడా కనపడే జంట చుక్కలను నేను ఈగల పని అనుకున్నాను (మాస్టారూ కాదనలేదు). నల్లగొండ జిల్లాలో సున్నపురాయి దొరికే చోట కొత్తగా కడుతున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీవాళ్లు ఆ ఒక్క వాక్యం చూసి నన్ను స్టోరు గుమాస్తాగా తీసుకున్నారు. ఇంట్లో నూలు దొరక్క మా బాపు మగ్గం ఆరు నెలలుగా ఆగిపోయి ఉంది. అసలు సంగతి చెప్పి ఉద్యోగం పోగొట్టుకునే ధైర్యం నాకు లేదు.

అక్కడ బట్టీ బిగించడానికి జర్మనీ నుంచి వచ్చిన అరవై ఏళ్ల ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన ఇంటిపేరులోనూ ఆ చుక్కలున్నాయి. కూలీలు దాన్ని నోటికి వీలుగా మార్చుకుని ‘ముల్లుదొర’ అని పిలిచేవాళ్లు. ఆయనేమీ అనుకోలేదు, పైగా వాళ్ల దగ్గర ‘మంచిగ’, ‘జర ఆగు’ లాంటి మాటలు నేర్చుకున్నాడు. మాతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడేవాడు. ఒకరోజు కాల్చిన సున్నం మీద నీళ్లు పోసి చూస్తుంటే అది ఒక్కసారిగా చిమ్మి ఆయన రెండు కళ్లలో పడింది. నల్లగొండ దవాఖానలో చేర్చారు. నెలదాకా కట్టు ఉంచాలన్నారు, చూపు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఆయన భార్య దగ్గర నుంచి వారానికొక ఉత్తరం వచ్చేది. మేనేజరు నన్ను పిలిచి, “జర్మన్ వస్తదన్నవు గద, పోయి చదివి వినిపియ్యి. దొర ఖుషీ అయితే నీ నౌకరి పక్కా” అన్నాడు.

మొదటి ఉత్తరం రెండు వాక్యాలు చదివేసరికి ముల్లుదొర చెయ్యెత్తి ఆపాడు. “ఇది ఏ భాష?” అని అడిగాడు (వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక). ఈగల సంగతి నాకు ఆ రోజు తెలిసింది. ‘ఊ’ మీద రెండు చుక్కలుంటే మూతిని ‘ఊ’ అనబోతున్నట్టు సున్నా చుట్టి, లోపల మాత్రం ‘ఈ’ అనాలట. నేను మూతి చుడితే ‘ఊ’ వచ్చేది, ‘ఈ’ అంటే మూతి విచ్చుకునేది. కళ్లకు కట్టు కనుక, ఆయన చెయ్యి చాచి వేళ్లతో నా పెదాలు తడిమి చూసేవాడు. వార్డు ఊడ్చే ఆయా అవ్వ చీపురు ఆపి, “ఏం చదువు బిడ్డా ఇది? మూతి గట్ల తిప్పుతున్నవు, పన్ను గిట్ల నొస్తాందా?” అని జాలిపడింది.

నా కిరాయి గది ముందు బావి ఉండేది. అరుగు మీద నిలబడి సాధన చేస్తుంటే మూడోనాడు ఇంటాయన కర్ర పట్టుకుని వచ్చాడు. “ఏం సారూ, చదువుకున్నోనివని జాగ ఇస్తే, నీళ్లకొచ్చిన ఆడోళ్లను చూసి మూతి చుట్టుతున్నవా?” అన్నాడు. “కాదు పెద్దయ్యా, ఇది జర్మన్ అక్షరం” అన్నాను వెనక్కి జరుగుతూ. “అక్షరమా? ఏదీ, నేను గూడ అంట” అని, కర్ర చంకలో పెట్టుకుని మూతి చుట్టి బావి వైపు తిరిగి ఈ, ఈ అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య బయటికి వచ్చింది. ఆ తర్వాత నా నేరం గురించి ఎవరూ మాట్లాడలేదు.

పట్టుదలతో నేర్చుకున్నాను. ఉత్తరాల్లో సగం అర్థమయ్యేది. కోళ్లు, ఆపిల్ చెట్టు, తన దగ్గు, ఈమధ్య తొందరగా అలసిపోతున్నానని. అలసట అనే మాట ‘మ్యూదె’. అందులోనూ చుక్కలే. దాన్ని సరిగ్గా పలకడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

నాలుగో ఉత్తరంలో చేతిరాత వేరు. చివర సంతకం కింద ఉన్న వరస చూసి, మీ మరదలు రాశారని చెప్పాను. ఆయన తల ఊపాడు. చదివాను. ఆయన భార్య చాలా అలసిపోయిందనీ, మంగళవారం పొద్దున నిద్రపోయిందనీ తెలిసింది. అలసిన మనిషి నిద్రపోవడం మంచిదే కదా అనుకున్నాను. నిద్రకు ముందున్న ‘ఫ్యూర్ ఇమ్మర్’ అనే రెండు మాటల్లో నేను చూసింది చుక్కలనే. మొత్తం ఉత్తరంలో ఆయన నన్ను ఒక్కసారీ ఆపలేదు. “ఇంకొకసారి చదువు” అన్నాడు. మెచ్చాడనుకున్నాను. ఈసారి స్టూలు ముందుకు జరుపుకుని, గొంతు పెంచి, చుక్కలున్న చోటల్లా మూతి నిండుగా చుట్టి చదివాను. అయిపోయాక ఆయన మెల్లగా, తెలుగులో, “మంచిగ చదివినవ్” అన్నాడు.

నా ముఖం వెలిగిపోయింది. ఆయా అవ్వ దగ్గరికి వచ్చి, “నవ్వుతున్నవేంది బిడ్డా? దొర కట్టు తడుస్తాంది, చూడు” అంది.

ఏమైందని అడిగాను. “నా భార్య చనిపోయింది” అన్నాడు. ఆ రెండు మాటలకు ‘శాశ్వతంగా’ అని అర్థమని ఆయనే చెప్పాడు. “నాకు అర్థం కాలేదు, క్షమించండి” అన్నాను. ఆయన, “అర్థమై ఉంటే నువ్వు చదివేవాడివి కాదు, దాచేవాడివి. నాకు తెలియాలి కదా” అన్నాడు. ఆ రోజు నేను వెళ్లేదాకా నా మణికట్టు పట్టుకున్న చెయ్యి వదలలేదు.

ఆయనకు ఒక కంట్లో చూపు వచ్చింది. తన దేశం వెళ్లిపోయాడు. నా ఉద్యోగం ఖాయమైంది, బాపుకు నూలు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, స్టూలు మీద నిటారుగా కూర్చుని మెప్పు కోసం ఎదురుచూస్తున్న ఆ ఇరవై రెండేళ్లవాడు అప్పుడప్పుడు కళ్లముందు మెదులుతాడు. వాణ్ని రెండు తిట్లు తిట్టాలనే అనుకుంటాను. కానీ రెండోసారి ఎంత బాగా చదివాడు, పాపం! ఒక్క తప్పు లేదు.