వల లేని పడవ

మా మామ నూకన్నకు పిచ్చి పట్టిందని జంగ్లీఘాట్ జాలరి వాడలో మొదట అన్నది పరాయివాళ్ళు కాదు, మా అత్త గురమ్మే. ఇంకెవరైనా అంటే ఊరుకునేది కాదు గానీ, తను మాత్రం కోడలినైన నా ముందు రోజూ అనేది.

వేటకు సెలవైన ప్రతి ఆదివారం మామ తన పాత తెరచాప పడవ తీసుకుని సముద్రం మీదికి వెళ్ళేవాడు. వల ఉండదు, గాలం ఉండదు. మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో, పెళ్ళిభోజనం చేసొచ్చినవాడి మొహంతో తిరిగొచ్చేవాడు. నేవీ ఆఫీసర్లు సరదాకి తెరచాపలు కట్టుకు తిరిగారంటే వాళ్ళకు నెలనెలా జీతాలొస్తాయి, జాలరివాడికి ఈ షికార్లేమిటని అత్త బాధ. ఏమీ అడగకుండా ఊరికే వచ్చిపోయేవాణ్ణి చూసి గంగమ్మ తల్లి ఏమనుకుంటుందోనని భయం కూడా.

ప్రభుత్వం జాలర్లను పిలిచి ఈ దీవుల్లో చోటిచ్చిన రోజుల్లో, కొత్తగా పెళ్ళయిన ఇద్దరూ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చారు. దారంతా అత్త ఓడ అడుగున చాప మీద పడి వాంతులు చేసుకుంది. ఆ తర్వాత సముద్రాన్ని ఒడ్డు నుంచి చూడటమే. మావాళ్ళలో ఆడది వేట పడవ ఎక్కకూడదు, ముట్టుకోనుకూడదు. ముట్టుకుంటే వలకు చేప రాదంటారు. మామ తెచ్చిన చేపలు తట్టకెత్తుకుని డెలానీపూర్ వీధులన్నీ తిరిగి అమ్మింది గానీ, అవి ఎక్కి వచ్చిన పడవ పలక మీద ఆమె ఏనాడూ చెయ్యి వెయ్యలేదు.

మా ఆయన తాతబ్బాయి ఇంజిను డింగీ పడవ కొన్నాక పాత పడవకు ముప్పు వచ్చింది. దాన్ని కోయించి, ఆ పలకలతో నా వంటింటికి తలుపు చేయిద్దామన్నాడు. అత్త సరేనంది. వడ్రంగి గవరయ్యను సోమవారం రమ్మన్నారు. మామనొక్క మాట అడగలేదని నాకు ఒళ్ళు మండిపోయింది. పోట్లాడకుండా కూర్చున్న ఆయన మీద కూడా మండింది. అసలు ఆ ఖాళీ పడవలో ఏముందని అడిగాను.

"ఇంజినైతే నాను తోలాలి. తెరసాపైతే గాలిని అడిగి ఎల్లాలి. అలాగ అడిగి ఎల్లడంలోనే మజా ఉంది కోడలా" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. తలుపు లేని వంటింట్లోకి కుక్కలొచ్చేది మాత్రం బాగా అర్థమయ్యేది.

ఆ ఆదివారం పొద్దున్నే మామ పడవ దగ్గర కూర్చుని, దాని ముక్కున వేట పడవకని అన్నేళ్ళుగా పెడుతూ వచ్చిన పసుపును, బొట్టును కొబ్బరిపీచుతో రుద్ది కడిగేశాడు. అత్త గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది.

"ఇది మరి ఏటకెల్లదే" అన్నాడు మామ. "ఏట పడవ కానప్పుడు నువ్వెక్కితే ఏటి? ఒక్కపాలి రా. తర్వాత కోయించేసుకో."

అత్త చాలాసేపు ఆ కడిగిన ముక్కు వంకే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నా భుజం గట్టిగా పట్టుకుని ఎక్కింది. తెరచాప గాలి అందుకునేసరికి పడవ ఓ పక్కకు ఒరిగింది. అత్త రెండు చేతులా మామ కాలు పట్టుకోవడం ఒడ్డు మీది వాళ్ళందరం చూశాం. వాడ మొత్తం నవ్వింది. పడవ హడ్డో రేవు వైపు తిరిగాక ఆ చేతులు కాలు వదిలేశాయి. కాసేపటికి ఒక చెయ్యి తెరచాప తాడు మీదికి వెళ్ళింది.

తిరిగొచ్చాక అత్త కాళ్ళు కడుక్కుని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. వాంతులయ్యాయేమోనని నేను నిమ్మకాయ తెచ్చాను. దాన్ని పక్కకు తోసేసింది.

"ఇన్నేళ్ళూ ఏట రోజుల్లో మీ మావ సేపల కోసమే ఎల్తన్నాడనుకున్నానే" అంది. "ఇంత సుకం ఉందని నాకొక్క ముక్క సెప్పనేదు."

ఆమెది కోపమో దుఃఖమో ఆమెకే తెలియాలి. నాకు మాత్రం ఆ రోజు ఆమె మీద మొదటిసారి జాలేసింది.

సోమవారం గవరయ్య రంపం పట్టుకుని వచ్చాడు. వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదని అత్త ఇంట్లో ఉన్న ఒక్క మంచి పలకా తెచ్చి ఇచ్చింది. దాన్ని కోయించి, పడవలో మామ కూర్చునే చోటుకు ఎదురుగా తనకొక పీట కొట్టించుకుంది.