జూలైలో ఉన్ని గ్లౌజులు

మోంటానాలో ఎండ మాడు పగలగొడుతున్న రోజున, ఆల్వినా ఉన్ని గ్లౌజులు తొడుక్కుని తుపాకుల కొట్లోకి వచ్చింది. కౌంటర్ దగ్గర కాఫీ తాగుతున్న పక్క పశువుల రాంచ్ యజమాని ఓర్విల్ పగలబడి నవ్వాడు.

"ఎండదెబ్బ గానీ తగిలిందా ఆల్వినా?"

"నీ కాఫీ నువ్వు తాగు," అంది.

మొన్న వసంతంలో ఆమె భుజానికి ఆపరేషనైంది. పోయిన మొగుడి పెద్ద రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుడు ఆ భుజం ఇక తట్టుకోలేదు. దాంతో మందని కాచుకోలేక ఆల్వినా తన ఆవుల్ని అమ్మేసుకుంటుందని అందరూ తీర్మానించేశారు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆమెకి ఒళ్ళు మండిపోతోంది.

కొట్టు యజమాని డెల్బర్ట్, కిందున్న లీవర్ ఆడిస్తే తూటా ఎక్కే ఒక పొట్టి తుపాకీ తీసి, ఖాళీదని చూపించి చేతికిచ్చాడు. "దీని దెబ్బకి ఎలుగుబంటైనా పడాల్సిందేనమ్మా."

"ఎలుగుతో నాకేం పనయ్యా? దూడల మీద పడే నక్కలు బెదిరితే చాలు. నా నడుముకున్న రివాల్వర్ తూటాలే దీన్లోనూ పట్టాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, ఏ తూటా దేనిదని జేబులో తడుముకుంటూ కూర్చోలేను."

డెల్బర్ట్ ఆ తూటాలే పట్టేది ఇంకోటి తీశాడు. దాని లీవర్ రింగులో గ్లౌజు వేళ్ళు ఇరుక్కున్నాయి. విసుక్కుంటూ వెనక్కి తోసింది. మూడోదాని లీవర్ వెడల్పుగా ఉంది. కిందకీ పైకీ హాయిగా ఆడింది. భుజానికి ఆనించి చూసుకుంది. బరువనిపించలేదు.

"ఇదే కట్టు," అంది.

ఓర్విల్ నవ్వు ఆగిపోయింది. "అంటే... ఫిబ్రవరి చలిలో ఆవుల ఈతలకి నువ్వే ఉంటావా?"

"లేకపోతే నా ఆవులకి పురుడు నువ్వు పోస్తావా?"

ఆ ఆవుల్ని బేరమాడదామనే పొద్దుట్నుంచీ అక్కడ కాపు కాసిన ఓర్విల్, నోటిదాకా వచ్చిన మాటని కాఫీతో పాటు మింగేశాడు.