ప్లేగు తర్వాత కోత కూలీలు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, డిసెంబరులో, ఒడిశాలో ఉన్న బరంపురంలోని మా కాలేజీలో బి.ఏ. చరిత్ర ప్రాజెక్టు వైవాకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. వైవా అంటే విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టి నోటితో పెట్టే పరీక్ష. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మార్కులు వేస్తారు, ఇంటర్నల్ పక్కన సంతకం పెడతాడు. అభ్యంతరం ఉంటే రాయవచ్చు. రాసినవాణ్ణి ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు. నేనూ రాయలేదు.

ఆ ఏడు అలా బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు మధ్యయుగపు చివరినాటి యూరప్‌లో నిపుణులు. సోనేపూర్ దారిలో ఆయనకు వరిపొలం కూడా ఉంది. ఆ సంగతి టీ తాగేలోగా మూడుసార్లు చెప్పారు.

గిరిసోల దగ్గరి పల్లె నుంచి వచ్చే పార్వతి లోపలికొచ్చింది. తల్లి కోత కూలీ అని పరిచయంలోనే చెప్పింది. అమ్మాయి ప్రాజెక్టు, పద్నాలుగో శతాబ్దపు ప్లేగు తర్వాతి ఇంగ్లండు పల్లెలు. ముగ్గురం తెలుగువాళ్ళమే కావడంతో మాటలు ఇంగ్లీషులో మొదలై తెలుగులోకి జారాయి.

"ప్లేగు తర్వాత కూలీలకు అంత పొగరెందుకొచ్చింది?" అన్నారాయన.

"పొగరు కాదు సార్. బోల్డుమంది సచ్చిపోనారు. మిగిలినోళ్ళకి గిరాకీ వచ్చింది. ఎక్కువిచ్చే ఊరికి ఎల్లిపోనారు."

ఇంతలో ఆయన ఫోను మోగింది. పొలం నుంచి. మగవాళ్ళంతా సూరత్ మిల్లులకు పోగా, కోతకు ఒప్పుకున్న ఆడకూలీలు ఎక్కువ కూలికి పక్క ఊరి రైతు దగ్గరికి వెళ్ళిపోయారట.

"పెద్దల్ని పిలిచి కట్టుబాటు చేయించు! పాత కూలికి మించి ఎవరూ ఇవ్వకూడదు, ఊరు దాటి ఎవరూ పనికెళ్ళకూడదు" అని మా ముందే అరిచారు. మంచినీళ్ళు తాగి, శాంతంగా, "ఊఁ, అప్పుడు ప్రభువులేం చేశారు?" అన్నారు.

పార్వతి నా వైపోసారి చూసింది. "ఇప్పుడు మీరు సెప్పిందే సార్. అదే సట్టం సేసినారు."

ఆయన మార్కుల కాగితం తన ముందుకు లాక్కున్నారు. నేనే అడిగాను, అది పనిచేసిందా అని.

"నేదు సార్. పంట సేలోనే రాలిపోతంటే సట్టం సేసిన ఆ పెద్దలే సాటుగా ఎక్కువిచ్చి పిలిపించుకున్నారు."

ప్రొఫెసరు గారు ఫెయిలు మార్కు వేసి, 'విషయ పరిజ్ఞానం శూన్యం' అని రాసి, కాగితం నా ముందుకు తోశారు. అలవాటుగా పెన్ను తీశాను.

పార్వతి ఇంకా కదలలేదు. "సార్, నాను తప్పు సెప్పేనా?"

"లేదమ్మా" అన్నాను. అన్నాక సంతకం పెట్టడం కుదరలేదు. ఆమె జవాబు ఉన్నదున్నట్టు రాసి, కింద అభ్యంతరం రాశాను.

"ఏటయ్యా, కూలిదాని కూతురి కోసం నాతో పేచీయా?" అన్నారాయన. నిపుణుడి నోట మొదటిసారి ఊరిభాష వినబడింది.

ఆ అభ్యంతరం మీద మళ్ళీ వైవా పెట్టడానికి మరో ఎగ్జామినర్ వచ్చారు, పార్వతికి ఫస్టు క్లాసు వచ్చింది. నాకు మళ్ళీ ఏ వైవా పనీ రాలేదు.

చరిత్ర చదివితే మనిషి మారతాడని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. మారడు. ప్రభువుల పద్ధతులు ఇంకాస్త వివరంగా తెలుస్తాయి, అంతే.