దవడ ఎక్కడుంది వదినా?

నిన్న పొద్దున్న టీ పెడుతుంటే ఫోన్ మోగింది. మేనల్లుడు. "అమ్మ పోయింది అత్తా" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. "ఎలా?" అని అడిగాను. మళ్ళీ అడిగాను.

హార్ట్ ఎటాక్, నిద్రలోనే అన్నాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

ఎందుకలా అడిగానో మా పిల్లలకు తెలియదు. "నాను పోయాక రాసుకోవే" అని వదినే పర్మిషన్ ఇచ్చింది. అందుకే ఈ పోస్ట్.

1960ల చివరి మాట. మాది పొందూరు. నాకు పదమూడేళ్ళు, కొత్తగా కాపురానికొచ్చిన వదినకు పంతొమ్మిది.

మా ఇంట్లో ఆడవాళ్ళందరూ నూలు వడికేవాళ్ళు. పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతాం. దాని పళ్ళు దువ్వెన కన్నా సన్నం. ఎవరి దవడ వాళ్ళదే, అత్తాకోడళ్ళు కూడా మార్చుకోరు.

వదిన తీసినంత సన్న నూలు ఇంట్లో ఇంకెవరికీ రాదు. కానీ పోగు ఒక్కచోట లావైతే నూలు చుట్టిన చిలప మొత్తం పక్కన పడేసేది. అక్కడ తెంపి అతికితే సరిపోయేదానికి!

మనుషులతోనూ అంతే. అమ్మ ఒకసారి విసుక్కుంటే, ఇంట్లో ఎవరికీ నేనంటే పడదు అనేది. ఎప్పుడూ, ఎవరూ, నా వల్లే. ఈ మూడు మాటలే. వేరే దారి ఉంటుందని ఆవిడకు తోచేదే కాదు.

ఇప్పుడైతే డాక్టర్లు దానికో పేరు చెప్తారు. మేం మాత్రం మొండిది అనుకున్నాం. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ ఏడాది తొలిచూలు నిలవలేదు. అదీ తన వల్లే అంది. తర్వాత మాటలు తగ్గించేసింది.

ఒకరోజు ఉన్నట్టుండి తేలిక పడినట్టు కనిపించింది. నాకు జడ వేసి, తన దవడ నా చేతిలో పెట్టింది.

"నీకేనే లచ్చీ. నాకింక అక్కర్నేదు."

నా సంబరం చూడాలి! వదిన బాగుపడిందనుకున్నాను. పెరట్లో బియ్యం చెరుగుతున్న నాన్నమ్మకు చూపించడానికి పరిగెత్తాను.

నాన్నమ్మ చేట కింద పడేసింది. ఆవిడ పరిగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వదిన గదిలో ఏం చూశామో రాయను. వదిన కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది. బతికింది.

ఇంటికొచ్చాక నాన్నమ్మ తిట్టలేదు, ఒట్లు వేయించుకోలేదు. దవడ తిరిగి వదిన చేతిలో పెట్టింది.

"ఇది నీ కాడే ఉండాల. ఎవులికైనా ఇచ్చీయాలనిపిస్తే ముందు నాకు సెప్పు."

చెప్పింది కూడా. తర్వాత రెండుసార్లు దాన్ని గుడ్డలో చుట్టి నాన్నమ్మ ముందు పెట్టింది. అప్పుడల్లా నాన్నమ్మ పనులన్నీ మానుకుని రోజంతా ఆవిడ పక్కనే కూర్చుంది, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళింది.

నాన్నమ్మ పోయాక ఆ డ్యూటీ నాకొచ్చింది. నేను విజయనగరం నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ముందు అదే ప్రశ్న. దవడ ఎక్కడుంది వదినా? నా కాడే ఉన్నాదే, అనేది. జవాబు కాస్త లేటైతే మర్నాడు బస్సెక్కేసేదాన్ని. ఇంట్లోవాళ్ళు మా వదినా మరదళ్ళ సరసం అనుకునేవాళ్ళు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాను. ఏదో హడావుడిలో ఉన్నాను.

అడగడం మర్చిపోయాను.

నిన్న దారంతా అదే గోల నా బుర్రలో. వెళ్ళగానే పెట్టె వెతికాను, రాట్నం దగ్గర వెతికాను, అలమారా వెతికాను. లేదు. నీకేమైనా ఇచ్చిందా అని వదిన కోడల్ని పట్టుకుని అడిగాను.

ఆ పిల్ల వదిన తలగడ ఎత్తి చూపించింది. దవడ అక్కడే ఉంది. ముందురోజు సాయంత్రం కూడా పత్తి దువ్విందట. పళ్ళ మధ్య ఇంకా తెల్లగా కొత్త పత్తి ఉంది.

అప్పుడు ఏడ్చాను.

మీ దగ్గరివాళ్ళు ఎవరైనా ప్రాణంగా చూసుకునే వస్తువు ఉత్తినే ఇచ్చేస్తుంటే, నాలా సంబరపడకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి.

ఎవరికీ ఇవ్వలేదు వదినా, చూశాను. ఇంక నేను అడగను. హాయిగా పడుకో.