నోట్లో ఆగిన 'అయితే'

"అదంతా నీ మాట. మీ అమ్మాయి మాటేది?" అంది ఫ్రేముల అక్క, పెదాల మధ్య పట్టుకున్న సన్నమేకులు జారిపోకుండా.

"దాని మాటకేముందక్కా, పిచ్చి మాట! ఫిలాసఫీలో బి.ఎ. చేస్తుందట. కాలేజీలో సీటిచ్చారట. రేపు పోయి చేరకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారట. ఇచ్చుకోనీ, పీడా పోయింది అన్నాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు."

"పిచ్చి అన్నది కూడా నీ మాటే. నేనడిగేది దానిది."

జిరాక్స్ కొట్టాయన స్టూలు ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ఆయన కొట్టుకీ ఈ ఫ్రేముల కొట్టుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఇటు సుత్తి మోగితే అటు కాగితాలు అదురుతాయి. ఆయన బడి చదువు సగంలోనే ఆగిపోయింది కానీ, కాపీలకి వచ్చిన ప్రతి కాగితం మీదా ఓ కన్నేసి, వైద్యం దగ్గర్నుంచి ఇంజినీరింగ్ దాకా అంతో ఇంతో పోగేసుకున్నాడు. ఎవరేం చెప్పినా ఓపిగ్గా వింటాడని ఆ వీధిలో మంచి పేరు. ఇంట్లో మాత్రం ఆ పేరు లేదు.

ఇవాళ అక్క దగ్గరకి రావడంలో ఆయన లెక్క వేరు. వీధి మొత్తం మీద ఫిలాసఫీ చదివిన మనిషి ఆవిడొక్కతే. చదివి ఏం చేస్తోంది? ఫొటోలకి అద్దాలు బిగిస్తోంది.

"ఒక్కసారి ఇంటికొచ్చి దానికి చెప్పక్కా. నువ్వేం చెప్పక్కర్లేదు, నిన్ను చూస్తే చాలు, బుద్ధొస్తుంది," అనేసి, అన్న తర్వాత నాలిక కరుచుకున్నాడు.

అక్క పకపకా నవ్వింది. మేకులు అరచేతిలోకి రాలాయి.

"మెల్లిగా కరుచుకో, తెగుతుంది. అయితే నన్ను దిష్టిబొమ్మలా నిలబెట్టి చూపిద్దామనా? సరేలే. ఆ తలుపు దగ్గరికి వెయ్, దుమ్మొస్తోంది. తలుపంటే గుర్తొచ్చింది. మా చదువంతా ఒక తలూపు దగ్గరా ఒక తలుపు దగ్గరా ఉంది. వింటావా?"

వినకపోవడం ఆయన వల్ల ఎప్పుడైంది?

అక్క చదివిన కాలేజీలో ఫిలాసఫీ తరగతి కెమిస్ట్రీ ల్యాబుకి ఆనుకుని ఉండేది. గోడ అవతల ఏం కలిపేవారో, మధ్యాహ్నమయ్యేసరికి మురిగిన కోడిగుడ్డు వాసన. "జ్ఞానం కావాలంటే ముక్కు మూసుకోవాలి," అనేవారు మాస్టారు. పొట్టిగా ఉండేవారు, బోర్డు పై సగం ఎప్పుడూ ఖాళీయే. తరగతిలో ముగ్గురే. ఒకాయన రైల్వేలో ఉద్యోగం చేస్తూ సెలవు పెట్టి చదువుకోడానికి వచ్చిన పెద్దమనిషి, పిల్లల తండ్రి. ఇంకో అమ్మాయి కూర్చున్న చోటే తూగేది కాబట్టి దానికి నిద్రగన్నేరు అని పేరు. మూడోది మన అక్క. బయట ఎవరైనా ఏం చదువుతున్నావంటే ఫిలాసఫీ అనేది. "అంటే?" అని అడిగేవారు. "ఆ 'అంటే'నే చదువుతున్నాం," అని చెప్పి పోయేది. అప్పట్లో అంత పొగరుండేది.

మాస్టారి తరగతికి ఒకటే నియమం. ఎవరి మాటనైనా ఖండించాలంటే ముందు ఆ మాటను నువ్వే చెప్పాలి. అదే పూర్వపక్షం. వెక్కిరింతగా కాదు, తగ్గించి కాదు. ఆ మనిషి తన మాట తాను చెప్పుకున్నదానికంటే బాగా చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే," అని అతను తల ఊపాలి. ఊపాక "అయితే" అని నీ మాట మొదలుపెట్టాలి. తల ఊపకపోతే మళ్ళీ మొదటికి.

"ఒకసారి రైల్వే ఆయన, బొమ్మ అంటే బొమ్మే, ఫ్రేముతో దానికేం పని అన్నాడు. మా నాన్నది ఫ్రేముల కొట్టు కదా, నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చేస్తాను? ముందు ఆయన మాటే చెప్పాలి. చెప్పాను. ఊపలేదు. ఇంకోలా చెప్పాను. ఊహూఁ. వారమంతా ఊపలేదయ్యా ఆ మహానుభావుడు! చివరికి నిద్రగన్నేరు తూగుతూ తల ఊపితే, అదీ ఒక తలూపేగా అని మాస్టారు నన్ను వదిలేశారు."

జిరాక్స్ ఆయన ఫక్కున నవ్వాడు. అక్క మాత్రం చేతిలో ఉన్న ఫ్రేము చెక్క మూలను బొటనవేలితో తడిమి చూసుకుంది.

ఆ రోజుల్లో ఈ కొట్టు వాళ్ళ నాన్నది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉన్నది తండ్రీ కూతురూ. రెండో ఏడు చివర్లో నాన్న కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. అద్దం కోసే పనిలో చెయ్యే ప్రాణం. డైమండ్ కలంతో గీత ఒక్కసారే లాగాలి, మధ్యలో ఆపకూడదు, లాగిన గీత మీద మళ్ళీ లాగకూడదు. నాన్న గీతలు పక్కకి పోయేవి. అద్దాలు వంకరగా విరిగేవి. ఒక రోజు భోజనం దగ్గర, తల ఎత్తకుండా, "ఇంక కాలేజీ చాలమ్మా. కొట్టు చూసుకుందువుగాని," అన్నాడు.

ఇంకా ఒక్క ఏడే మిగిలింది. అక్క ఏడవలేదు, అలగలేదు. తనకి వచ్చిన విద్య అదొక్కటే కదా అనుకుంది. నాన్న పూర్వపక్షం తయారుచేసుకుంది, తన మాటా తయారుచేసుకుంది. తన మాటలో ఏ ముక్క తర్వాత ఏ ముక్కో కూడా కుదుర్చుకుంది. పొద్దున తరగతి, మధ్యాహ్నం కొట్టు. కోత పని తనది, బేరాలు నాన్నవి. అంతా చక్కగా అమరింది.

మర్నాడు నాన్న ఇదే బల్ల దగ్గర ఫ్రేము మూలలకి జిగురు పూస్తున్నాడు. అక్క ఎదురుగా నిలబడింది, తరగతిలో నిలబడ్డట్టే.

"నాన్నా, నీ చెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని విరిగిన అద్దాలు నువ్వే ఎత్తి దాచేస్తున్నావు. పనివాణ్ణి పెట్టుకుందామంటే, నేర్చుకున్న మర్నాడే ఎదురుగా కొట్టు తెరుస్తాడని నీ భయం. ఈ కొట్టు అమ్మ ఉన్నప్పుడు పెట్టింది. బోర్డు మీద రంగు ఆవిడ ఎంచింది. ఇది మూతపడితే ఆవిడ రెండోసారి పోయినట్టు ఉంటుంది నీకు. నన్ను చదువు మానమనడం నీకిష్టమై కాదు. అడగడానికి నీకు ఇంకెవరూ లేరు."

నాన్న బ్రష్ కింద పెట్టాడు. కూతురి మొహంలోకి చూశాడు. మెల్లిగా తల ఊపాడు. ఒకసారి కాదు, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

అక్క ఊపిరి పీల్చుకుంది. "అయితే..." అంది.

అంతే. నాన్న జిగురు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "నాకే ఇంత బాగా తెలియదే తల్లీ, నా కడుపులో ఉన్నదంతా చెప్పేశావు! నువ్వు ఒప్పుకుంటావో లేదో అని నేను రాత్రంతా..." మాట పూర్తికాకుండానే చెప్పులేసుకుని బయటకి నడిచాడు. పోతూ పోతూ తలుపు చేరవేశాడు. టీ కొట్టాయనతో, తాళాలు బాగుచేసే ఆయనతో, ఎదురొచ్చిన ప్రతివాడితో, "మా అమ్మాయి ఒప్పుకుంది, కొట్టు చూసుకుంటుంది," అని చెప్పుకుంటూ వీధంతా తిరిగొచ్చాడు. కనురెప్పల మీద జిగురు ఎండిపోయి ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆ కంట్లోనూ సంబరమే.

"చూశావా? తలూపు వచ్చింది, వెంటనే తలుపు పడింది," అంది అక్క.

"మరి వెనక నుంచి పిలవలేకపోయావా అక్కా? ఇంకా మాట అవ్వలేదు అని చెప్పొచ్చుగా!"

"ఆ మొహం నువ్వు చూడలేదు. చూస్తే నీ నోరూ లేచేది కాదు. అయినా మాస్టారు మాకు చెప్పని సంగతి ఒకటుంది. కాలేజీలో 'ఇది నీ పక్షం, నాది ఇంకా రాలేదు' అని అందరికీ తెలుసు. ఇంట్లో ఎవరికి తెలుసు? ఎవరైనా మన మనసులో మాట అంత బాగా చెబితే, వాళ్ళు మనవైపేననేగా అనుకుంటాం?"

ఆ ఏడు కాలేజీ తెరిచినా అక్క పోలేదు. కోత నేర్చుకుంది, మూలలు కలపడం నేర్చుకుంది. నాన్న ఉత్సాహంగా బేరాలు చూసుకునేవాడు. ఆయన మీద కోపం రావడానికి కూడా వీల్లేని పరిస్థితి. మేకులు నోట్లో పెట్టుకుని పనిచేసేటప్పుడు, ఆ 'అయితే' కూడా వాటి పక్కనే ఉన్నట్టుండేదట. ఉమ్మలేదు, మింగలేదు.

చలి రోజుల్లో ఒక సాయంత్రం మాస్టారు కొట్టుకొచ్చారు. చేతిలో తరగతి ఫొటో, ఆయనా ముగ్గురు విద్యార్థులూ. ఫ్రేము కట్టించాలన్నారు. అక్క కొలత తీసుకుంటూ, కాలేజీ ఎందుకు మానిందో చెబితే ఆయన అడిగారు.

"మీ నాన్నగారి పక్షం చెప్పావా?"

"చెప్పాను సార్."

"తల ఊపారా?"

"బ్రహ్మాండంగా ఊపారు సార్."

"తర్వాత?"

"తర్వాత... బెల్లు కొట్టేశారు సార్."

లోపలి గదిలో అట్టలు సర్దుతున్న నాన్న బయటకొచ్చాడు. "ఏంటమ్మా, తర్వాత ఇంకా ఉందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. కొన్న సరుకులో సగం కొట్లోనే మర్చిపోయి వచ్చినవాడి కంగారు.

అప్పుడు చెప్పింది అక్క, అన్ని నెలలు దాచుకున్న రెండో సగం. చెబుతుంటే ముందు కుదుర్చుకున్న వరస మొత్తం పోయింది. పొద్దున, మధ్యాహ్నం, కోత, బేరాలు అన్నీ కలగాపులగమయ్యాయి. నాన్న విని, "సరే అయితే..." అనబోయాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "అలా కుదరదండీ. ముందు మీరు అమ్మాయి పక్షం చెప్పాలి. ఆమె తల ఊపాలి."

నాన్న కూతురి వైపు, మాస్టారి వైపు చూశాడు. మెడ గోక్కున్నాడు.

"అమ్మాయి చదువుకుంటానంటోంది."

అక్క ఊపలేదు.

"కొట్టు వద్దనడం లేదు. రెండూ చూసుకుంటానంటోంది."

ఊపలేదు.

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, అప్పుడన్నాడు: "గీత మధ్యలో ఆపితే అద్దం ఎందుకూ పనికిరాదు. నన్ను మధ్యలో ఆపకు నాన్నా అంటోంది."

అక్క తల ఊపింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునే పనిలో పడ్డారు.

"అక్కా," అన్నాడు జిరాక్స్ ఆయన. "మళ్ళీ చేరావా?"

"పై ఏడు చేరాను. అప్పటికి రైల్వే ఆయనా నిద్రగన్నేరూ పరీక్షలు రాసి పోయారు. తరగతిలో నేనొక్కదాన్నే. వాదించడానికి మనిషి లేడని మాస్టారే వచ్చి నా పక్క బెంచీలో కూర్చునేవారు. నన్ను బోర్డు దగ్గర నిలబెట్టి, 'ఊఁ, నా పక్షం చెప్పు' అనేవారు. ఆ పై సగం బోర్డు మీద మొదటిసారి రాసింది నేనే తెలుసా? ఇప్పటికీ ఎక్కడైనా మురిగిన గుడ్డు వాసనొస్తే నాకు హాయిగా ఉంటుంది. ఎవరితో అంటే ఏమనుకుంటారో అని ఊరుకుంటా."

నాన్నకి ఈ ఆట తెగ నచ్చేసింది. ఏ చిన్న గొడవొచ్చినా, కూరలో ఉప్పు దగ్గరైనా సరే, "ముందు నా పూర్వపక్షం చెప్పవే!" అని బల్ల మీద కొట్టేవాడు. గెలవడం కోసం కాదు. తన మాట కూతురి నోట వినడం ఆయనకి సరదా. చెబుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని పాట వింటున్నట్టు వినేవాడు. మంచం పట్టాక గొడవలు పడే ఓపిక పోయింది. అప్పుడు కూడా సైగ చేసేవాడు. ఏ గొడవా లేకుండానే ఏదో ఒక పక్షం చెప్పేది అక్క. ఆయన తల ఊపేవాడు.

"ఇప్పుడు ఎవరితో పోట్లాడినా చప్పగా ఉంటుంది," అంది, మేకులు మళ్ళీ ఏరుకుంటూ.

జిరాక్స్ ఆయన కదల్లేదు. "అదంతా బాగుందక్కా. కానీ ఉద్యోగం? చదివి ఏం ఒరిగిందని అడిగితే ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పకు. నాకు ఉద్యోగం రాలేదు. మీ అమ్మాయికి వస్తుందో రాదో నేను మాటివ్వలేను. నీ భయం నిజమైన భయమే. రోజంతా ఆ మిషను ముందు నిలబడి కాళ్ళు వాచిన మనిషివి. నీ పిల్లకి కూర్చుని చేసే పని కావాలని నీ కోరిక. అది తప్పుదారి పడితే ఎత్తి పట్టుకునే బలం నీకు లేదని నీ బెంగ. అవునా?"

ఆయన తల తనకు తెలియకుండానే ఊగింది. ఊగాక ఉలిక్కిపడి ఆపుకున్నాడు.

"ఇది నీ పక్షం. నాది కాదు సుమా," అంది అక్క, నవ్వుతూ. "ఈసారి ముందే చెబుతున్నా. ఇప్పుడు దాని పక్షం చెప్పు."

"మా అమ్మాయి ఏమంటుందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్ళీ "అదేమంటుందంటే..." అన్నాడు. ఎంత వెతుక్కున్నా లోపల 'పిచ్చి' అన్న తన మాటే దొరుకుతోంది. ఎవరెవరి కాగితాలో ఇంత శ్రద్ధగా చదివినవాడు, ఇంట్లో పిల్ల నోరు తెరిస్తే మొదటి వాక్యం దగ్గరే మూత పెట్టేశాడు. "నేను విననే లేదక్కా," అన్నాడు, మెల్లిగా.

అక్క లేచి తలుపు బార్లా తీసి పట్టుకుంది.

"సీటు సంగతి రేపటి మాట. ఇప్పుడు ఇంటికి పో. దాన్ని కూర్చోబెట్టుకుని అడుగు, విను, విన్నది తిరిగి దానికే చెప్పు. అది తల ఊపేదాకా నీ 'అయితే' బయటకి తీయకు. ఊపాక ఏమనుకుంటారో మీ ఇష్టం, నేను అడగను. నాకు మాత్రం ఒక్కటి చేసి పెట్టు తమ్ముడూ. రేపు కొట్టు తెరిచే ముందు ఇటొచ్చి, మీ అమ్మాయి తల ఎలా ఊపిందో నాకోసారి ఊపి చూపించు."