గుప్పిట పట్టినంత పొడుగు

కిటికీలు కడగడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అన్నవాడి చేతికి వైపర్ ఇచ్చి, ఒక్క అద్దం, ఒకే ఒక్క అద్దం చార లేకుండా తుడిచి చూపించమనాలనిపిస్తుంది. మా అక్క ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అది. ఊళ్లో సగం ఆఫీసులకు ఆవిడ అసలు పేరు తెలియదు. నిచ్చెనమ్మ అంటేనే తెలుస్తుంది. ముఖం మీదే అలా పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది.

నేను ఆవిడ తమ్ముణ్ణి. పదహారేళ్లుగా ఆవిడ నిచ్చెన పట్టుకుంటున్నాను. ఎక్కడం మాత్రం నా వల్ల కాదు, మూడో మెట్టుకే కళ్లు తిరుగుతాయి. అందుకని పైన ఆవిడ, కింద నేను. "పని మీ అక్కది, మాటలు నీవి" అంటూ మా బావ వేళాకోళం చేస్తుంటాడు. బావ సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా హారన్ మోతలో ఉంటాడు కాబట్టి ఇంటికొచ్చాక నోరు విప్పడు.

అక్క మొదట్లో ఒక బ్యాంకులో నేల తుడిచేది. బయటి అద్దాలు కడిగే మనిషి రెండు వారాలు రాకపోతే మేనేజరు విసుక్కుంటున్నాడట. "నేను కడుగుతాను లెండి" అని నిచ్చెన వేసుకుని ఎక్కేసింది. దిగేసరికి ఆ పని ఆవిడదైంది. అప్పటినుంచి ఒక్క అద్దం మిగిల్చి ఇంటికి వచ్చిన రోజు లేదు. జ్వరమైనా సరే, చీకటి పడబోతున్నా సరే. "కడిగామంటే కడిగినట్టుండాలిరా" అంటుంది. అంతే, ఇక ఆ మాటకు తిరుగు లేదు.

పోయిన ఏడాది తడి బండల మీద నిచ్చెన కాలు జారింది. పట్టుకున్నది నేనే. బావ నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధ. అక్క కుడి మణికట్టు విరిగింది. నాలుగు నెలలకు ఎముక అతికింది కానీ, నిచ్చెన సంగతి మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

"నిచ్చెనేమిటి, పనే మరిచిపో. నా జీతం చాలు" అన్నాడు బావ.

"ఏమయ్యా, డాక్టరు నిచ్చెన వద్దన్నాడు. పని వద్దన్నాడా? నీకూ చెవులున్నాయి, నాకూ చెవులున్నాయి!"

మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు. నాలుగో రోజు బావే దిగివచ్చాడు. కంటి ఆసుపత్రిలో ఏడాదికోసారి జరిగే పెద్ద కడుగుడు ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. ఎప్పుడూ అక్కే చేసేది. "ఆ ఆసుపత్రి మొత్తం నేల మీద నిలబడి కడిగి చూపించు. నువ్వు ఒక్కసారి నిచ్చెన మీద కాలు పెట్టినా, ఒక్క కిటికీ మిగిలినా, పని మానెయ్యాలి. ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఒప్పుకున్నా. మాటంటే మాటే" అంది అక్క. నేను ఒంటికాలి మీద లేచాను. ఇదెక్కడి న్యాయం బావా అన్నాను. అక్క నన్ను నోరు మూసుకోమంది.

నేల మీదనుంచి పైకి అందాలంటే పోల్ కావాలి. ఒకదాంట్లోంచి ఒకటి బయటికి వచ్చే గొట్టాలు, కొసన బ్రష్, దాని పక్కనుంచే నీళ్ల పైపు. బాగా వడగట్టిన నీళ్లయితే తుడవక్కర్లేదు, ఆరినా మరక పడదు. అక్క ఇన్నాళ్లూ వాటిని చూసి నవ్వేది. ఇప్పుడు వాటి మీదే ఆవిడ బతుకు నిలబడింది.

ఎవరైనా ముందు కొట్టుకు వెళతారు. అక్క ముందు ఆసుపత్రికి వెళ్లింది. మూడు గోడలు తను చూసింది, పక్కగోడ కిటికీలు నన్ను లెక్కపెట్టమంది. లోపలికీ వెళ్లి, ఒక్కో కిటికీ ఎటు తెరుచుకుంటుందో తీసి చూసి పుస్తకంలో రాసుకుంది. చుట్టూ కరెంటు తీగలున్నాయేమో తలెత్తి చూసింది. ఇదంతా నాకు చాదస్తంగానే కనిపించింది.

కొట్లో అడుగు పెట్టగానే నా కళ్లు ఒకదాని మీద పడ్డాయి. ఏడు ముక్కల పోల్. నల్లగా, నిగనిగలాడుతూ అబ్బో, ఏం ఠీవి! కొట్టాయన దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, "కార్బన్ అండీ. ఈకలా ఉంటుంది. అయిదో అంతస్తు కూడా అందుతుంది" అన్నాడు. "ఇదే, ప్యాక్ చెయ్యండి" అనేశాను.

"ఆగరా, పెళ్లిచూపులకు వచ్చామా?" అంది అక్క. కొట్టాయన వైపు తిరిగి, "బాబూ, దీని చివర బ్రష్ తగిలించి, ఆ బ్రష్ నీళ్లలో ముంచి ఇవ్వు. వట్టి కర్ర ఎవరైనా ఎత్తుతారు" అంది.

కొట్టు వెనక ఖాళీ స్థలంలో మొదలైంది పరీక్ష. ముందు అల్యూమినియం పోల్. అది రెండో అంతస్తు దాకా బుద్ధిగానే ఉంది, ఆ పైన వణికింది. గాజు ఫైబర్‌ది గట్టిదే కానీ, పూర్తిగా చాపేసరికి చేప పడ్డ గాలపు కర్రలా వంగి, బ్రష్ ఒకచోట పెడితే ఇంకొకచోట తాకింది. బరువూ ఎక్కువే. తర్వాత నా నల్లదొర. నిటారుగా నిలబడింది. చూశావా అన్నట్టు అక్కవైపు చూశాను.

అక్క పైకి చూడడం లేదు. పోల్ అడుగున తన చేతిని చూసుకుంటోంది. "ఇలా రారా. నా గుప్పిట చూడు" అంది.

ముక్కలు పెరిగేకొద్దీ అడుగు గొట్టం లావవుతుంది మరి. ఏడు ముక్కల దాని అడుగు ఎంత లావంటే, అక్క బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది. "తడి గ్లౌజుతో, విరిగి అతికిన చేత్తో, దీన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టుకోగలనా? గుప్పిట మూసుకోని కర్ర మన మాట వినదు" అంది. అయిదు ముక్కల కార్బన్ పోల్ తీసుకుంది. బొటనవేలు వచ్చి చూపుడువేలి మీద కూర్చుంది.

దాన్ని మూడో అంతస్తు ఎత్తుకు చాపి, గోడ మీద తడి బ్రష్ ఆడిస్తూ కొట్టాయనతో కబుర్లు మొదలుపెట్టింది. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, పెద్దమ్మాయికి లెక్కలు వస్తాయా. పది నిమిషాలు. ఆయన పాపం సంసారమంతా చెప్పేశాడు. ఈ గోలేంటని నేను విసుక్కుంటే, "పనిచేస్తూ మాట్లాడగలిగితేనే ఆ బరువు మనదిరా. ఆయాసం వచ్చిందంటే అది ఇంకొకరి పోల్" అంది. ఆ తర్వాత ఎడమచేత్తో మాత్రమే, గొట్టాలను బిగించే ప్రతి లాకూ తీసి, వేసి చూసింది. లాక్ విరిగితే లాక్ ఒక్కటే దొరుకుతుందా, పోల్ అంతా కొనమంటారా అని అడిగింది.

"ఇన్నేళ్లలో ఈ మాట అడిగినవాళ్లు లేరమ్మా" అని నవ్వాడాయన. "లాక్ ఒక్కటీ ఇస్తాం. కొసన బ్రష్ తగిలించే మెడముక్కలు కూడా పొట్టివీ పొడుగువీ విడిగా ఉన్నాయి. ఒక్క మాట మాత్రం వినండి. కార్బన్‌కు కరెంటు పాకుతుంది. తీగలున్న సందుల్లో దీన్ని ఎత్తొద్దు."

"తీగలు లేవు, చూసే వచ్చాను. ఉన్న చోటికి ఇక పోను" అంది అక్క.

నాకు మాత్రం కోపం నషాళానికి ఎక్కింది. "మరి నాలుగో అంతస్తు ఎవరు కడుగుతారు? బావ బస్సు మీద ఎక్కి కడుగుతాడా?"

"నాలుగో అంతస్తు కిటికీలన్నీ లోపలికి తెరుచుకుంటాయిరా మొద్దూ! గదిలో నిలబడి రెండువైపులా తుడవొచ్చు. దానికి బయటినుంచి యుద్ధం ఎందుకు? ఏడాదికి ఒక్క రోజు వచ్చే ఎత్తు కోసం మూడువందల రోజులు గుంజ మోస్తానా?"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని గొణుక్కుంటూ బిల్లు వేయించాను.

వారం రోజులు మేముండే వీధిలోని గోడలన్నీ అక్క బడిలో పలకలయ్యాయి. పోల్ ఒంటికి దగ్గరగా పట్టుకోవడం, మెడ ఎత్తకుండా రెండడుగులు వెనక్కి వేసి చూడడం, చేతుల్తో కాకుండా నడుముతో ఊపడం, అన్నీ తనకు తానే నేర్చుకుంది. "ఇన్నాళ్లూ నేల విడిచి సాము చేశానురా, నేలకు ఇంత బలముందని తెలియక" అని నవ్వింది. పక్కింటివాళ్లు నవ్వారు కూడా, కానీ వాళ్ల కిటికీలు మెరిశాక నవ్వు ఆపి, మా మేడ మీది అద్దం కూడా అని బతిమాలారు.

ఆసుపత్రి రోజు అక్క దర్జా చూడాలి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టింది. బ్రష్ పైకి వెళ్లడం, నీళ్లు జారడం, అద్దం వెలగడం. నా పని పైపు కాళ్లకు చుట్టుకోకుండా లాగడం. ఒక కంటికి కట్టున్న రోగులు వరండాలో కుర్చీలు వేసుకుని సినిమా చూసినట్టు చూశారు. "ఒంటికన్నుతో చూసినా మెరుస్తోందమ్మోయ్" అన్నాడొక పెద్దాయన. "రెండో కన్ను కట్టు విప్పాక మళ్లీ చూడు తాతా, మచ్చ దొరికితే చెప్పు" అంది అక్క. మధ్యాహ్నానికి మూడంతస్తులు అయిపోయాయి. లోపలికి వెళ్లి నాలుగోది కూడా ముగించి వచ్చింది. గెలిచాం అనుకున్నాను. బావ ముఖం ఎలా ఉంటుందో తలచుకుని ఈల కూడా వేశాను.

అప్పుడే ఆసుపత్రి పనివాళ్లు పక్కగోడ పైభాగాన కట్టిన పెద్ద గుడ్డ బ్యానర్ విప్పారు. దాని వెనక, ఈ ఏడాదే కొత్తగా కట్టి తాళం వేసి ఉంచిన మెట్ల మలుపులో, నాలుగో అంతస్తు ఎత్తున, కిటికీ. పేరుకుపోయిన మట్టితో ఒక్కటే ఒక్క కిటికీ.

ఆ గోడ లెక్క నాది. ఆ రోజు ఎదురుగా టీ కొట్లో నిలబడి, బ్యానర్ వెనక ఏముంటుంది గోడ కాక అనుకుని, వేళ్ల మీద లెక్క చెప్పేశాను.

అక్క ఆ మెట్ల తాళం తీయించింది. లోపలికి వెళ్లి చూసి వచ్చింది. తెరుచుకునే కిటికీ కాదు, అద్దం గోడలోకి బిగించేసి ఉంది. పోల్ పూర్తిగా చాపింది. మడమలెత్తింది. బ్రష్‌కూ అద్దానికీ మధ్య మూరెడు ఎడం.

"అక్కా, తోట షెడ్డులో నిచ్చెన ఉంది" అన్నాను. సిగ్గు లేదు నాకు. "అయిదు మెట్లు ఎక్కితే అందుతుంది. నేను పట్టుకుంటాను. ఈసారి ప్రాణం పోయినా వదలను. బావకు ఎవరు చెప్తారు?"

తెచ్చి గోడకు ఆనించాను కూడా. అక్క దాని దగ్గరకు వచ్చింది. ఎడమచెయ్యి మెట్టు మీద వేసింది. ఇరవై రెండేళ్ల అలవాటు, కాలు దానంతటదే పైకి లేస్తోంది. పైన మురికి అద్దం, కింద మేము. ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. చెయ్యి తీసేసి, ఫోన్ అందుకుంది.

"ఏమయ్యా, డ్యూటీ అయ్యాక ఇటు రా. ఒక కిటికీ మిగిలింది."

తర్వాత లోపలికి వెళ్లి పెద్ద నర్సమ్మకు కూడా ఉన్నమాట చెప్పేసింది. ఇవాళ ఒక అద్దం కడగలేకపోయానని, దానికి డబ్బు తీసుకోనని. ఆ మాట ఆవిడ నోట వింటుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

బావ నాలుగింటికి యూనిఫాంలోనే వచ్చాడు. కిటికీ వైపు చూశాడు. గోడకు ఆనించిన నిచ్చెన వైపు చూశాడు.

"ఎక్కావా?"

"ఎక్కలేదు."

"ఎక్కితే అయిపోయేదిగా?"

"అయిపోయేది. నీకు తెలిసేది కూడా కాదు" అంది అక్క. "మాటంటే మాటే. మానెయ్యమంటే మానేస్తాను. కానీ ఈ పని లేకపోతే నేను బతకలేనయ్యా."

"తప్పు నాది బావా, ఆ గోడ లెక్కపెట్టింది నేను" అన్నాను.

"అది చెప్పాలేమిట్రా? మీ అక్క లెక్క తప్పదు" అన్నాడు నావైపు చూడకుండా. టోపీ తీసి చేతిలో పట్టుకుని అక్కవైపు తిరిగాడు. "పిచ్చిదానా, కిటికీ మిగిలితే నాకేమే? మిగిలిందని నువ్వు ఎక్కుతావనే కదా నా భయమంతా. పొద్దున డిపోకు వెళ్లినప్పటినుంచి ఫోన్ మోగితే చాలు, గుండె ఆగిపోయేది. నువ్వు మిగిల్చి నిలబడగలిగావు. ఇంక పని చేసుకో. నేను అడ్డం రాను."

అక్క పోల్ గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి దించుతూ కూర్చుంది. కన్నీళ్లు గ్లౌజుల మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. బావ పక్కన చతికిలబడి ఒక లాక్ వేయబోయి తిరగేసి వేశాడు. ఆవిడ దాన్ని సరిచేసింది.

"ఎంత తక్కువైంది?" అని అడిగాడు.

"మూరెడు. పొడుగు మెడముక్క వేస్తే సరిపోతుంది. కొట్టు అయిదింటికి గానీ తియ్యరు, తెచ్చేసరికి చీకటి పడేది."

"ఆ కొట్టు ఎన్నింటిదాకా తీసి ఉంటుంది?"

"ఎనిమిది" అంది అక్క, ముక్కు చీదుకుంటూ. "పద. నువ్వూ ఒకసారి చేత్తో పట్టి చూద్దువు గానీ."